ఒక్క రాత్రి గడువు

భిలాయిలోని మన తెలుగు ఇళ్ళలో ఒకనాడు రాత్రి షిఫ్టు అంటే నాన్నగారి సైకిలు గేటు దాటిన చప్పుడు. నేడు ఆ ఇళ్ళ పిల్లలెందరో హైదరాబాదులోను, బెంగుళూరులోను సాఫ్ట్‌వేరు ఉద్యోగాలలో ఉన్నారు. పండుగకు వచ్చిన బిడ్డ అర్ధరాత్రి దాటినా కంప్యూటరు ముందు నుండి లేవకపోతే, "కుర్చీలో కూర్చుని చేసే పనికి ఇంత హడావిడి ఏమిటి?" అని మనలో కొందరు అనుకోవడం కద్దు. దీనికి సమాధానం మన కర్మాగారపు అనుభవంలోనే ఉన్నదని మా నమ్మకం.

మన రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో 1960లో ఉత్పత్తి ప్రారంభమైంది. మీటరుకు 52 కిలోల పట్టాకు బదులు 60 కిలోల పట్టా తీయాలంటే కాగితంపై కొలత మార్చినంత మాత్రాన చాలదు. కొత్త గాడులను రూపొందించాలి, రోల్స్‌ను లేతుపై తయారుచేసి మిల్లులో బిగించాలి, నడిపి చూడాలి, తనిఖీలో నెగ్గాలి. "రేపటి నుండి కొత్త కొలత" అని రాత్రి చెబితే ఎంతటి నిపుణుడైనా ఏమి చేయగలడు?

సరిగ్గా అటువంటి కబురే 2020లో ఐఫోన్ యాప్‌లు తయారుచేసేవారికి అందింది. ఆ ఫోనును నడిపించే మూల సాఫ్ట్‌వేరు పేరు ఐఓఎస్. అది మారినప్పుడల్లా దానిపై ఆధారపడిన యాప్‌లను సరిచూసుకోక తప్పదు. 2019లో ఆపిల్ సంస్థ సెప్టెంబరు 10న ప్రకటించి, ఐఓఎస్ 13ను 19న విడుదల చేసింది. అంటే తొమ్మిది రోజుల వ్యవధి. 2020 సెప్టెంబరు 15న, మన గడియారం ప్రకారం రాత్రి పదిన్నరకు మొదలైన కార్యక్రమంలో, ఐఓఎస్ 14 మరునాడే విడుదలవుతుందని ప్రకటించింది. ప్రయోగాత్మక రూపాలు జూన్ నుండి అందుబాటులో ఉన్న మాట నిజమే. కాని కొత్త సదుపాయాలతో యాప్‌ను సమర్పించడానికి కావలసిన తుది పరికరం ఎక్స్‌కోడ్ 12 ప్రకటన వెలువడిన నాడే చేతికందింది. ఆపైన ఆపిల్ సంస్థ తనిఖీ ఉండనే ఉన్నది. అది కోవిడ్ సంవత్సరం. ఎందరో ఇంటి నుండే పనిచేస్తున్న కాలం.

యాప్ మొరాయిస్తే వాడేవారు ఈ గడువు సంగతి ఎరుగరు. తయారుచేసినవారినే నిందించి, ఒక్క నక్షత్రం ఇచ్చి ఊరుకుంటారు. నెలల శ్రమ ఆ ఒక్క నక్షత్రంతో చిన్నబోతుంది.

భద్రతా లోపాన్ని సరిదిద్దే మార్పు ఆలస్యం కారాదు. మిల్లులోనూ ప్రమాదం కనబడితే వెంటనే ఆపుతాము. తక్కిన మార్పులకు మాత్రం వ్యవధి ఇవ్వవచ్చు. 2021లో ప్రకటన సెప్టెంబరు 14న, ఐఓఎస్ 15 విడుదల 20న జరిగాయి. ఆరు రోజులైనా దొరికాయి.

కనుక ఈసారి ఏదైనా యాప్ తడబడితే, లోపమేమిటో వివరంగా రాసి పంపి, నాలుగు రోజులు ఓపిక పడదాం. మన విభాగాలలో ఒక నమూనా పత్రమో, పద్ధతో మార్చదలచినప్పుడు, దానిని అమలు చేయవలసినవారికి ముందుగా చెబుదాం. ముందుగా చెప్పడం తోటివారి పనిని గౌరవించడమే. ఇక ఇంట్లో ఆ కంప్యూటరు వెలుగుతున్నంతసేపూ ప్రశ్నలు మాని, ఒక కప్పు టీ అందిద్దాం. రాత్రి షిఫ్టు నుండి వచ్చినవారికి మన అమ్మలు అందించినది అదే కదా!