మీకు తెలుసా? సైనికులకు పాఠం చెప్పిన ‘డూమ్’

1990లలో కుర్రకారును కంప్యూటర్లకు అతుక్కుపోయేలా చేసిన ‘డూమ్’ గేమ్‌తో అమెరికా మెరైన్ సైనికులు యుద్ధ పాఠాలు నేర్చుకున్నారు!

నిజమైన విన్యాసాలకు మైదానం కావాలి, తూటాలు కావాలి, బోలెడంత డబ్బు కావాలి. వీటికి కొరత ఉన్నప్పుడు సాధన ఆగిపోకూడదంటే ఏం చేయాలి? వర్జీనియాలోని క్వాంటికోలో పనిచేస్తున్న లెఫ్టినెంట్ స్కాట్ బార్నెట్, సార్జెంట్ డాన్ స్నైడర్ 1996లో దీనికో దారి కనిపెట్టారు. అంగట్లో దొరికే ‘డూమ్ 2’ను తీసుకుని మార్చేశారు. అందులోని దృశ్యాలను, బొమ్మలను, శబ్దాలను ఎవరైనా మార్చుకునే వీలుండటం కలిసొచ్చింది. అసలు ఆటలోని రాక్షసులు పోయి శత్రు సైనికులు వచ్చారు. పిల్లలు ఆడుకునే సైనికుల బొమ్మలను స్కాన్ చేసి ఆ రూపాలు తయారుచేశారు. వింత ఆయుధాల బదులు ఎం-16 రైఫిల్ వంటివి చేతికిచ్చారు. అదే ‘మెరైన్ డూమ్’.

అసలు విశేషం ఇక్కడుంది. గురి చూసి కాల్చడం నేర్పడానికి దీన్ని తయారుచేయలేదు. నెట్‌వర్క్‌తో కలిపిన నాలుగు కంప్యూటర్ల ముందు నలుగురు సైనికుల జట్టు కూర్చునేది. ఒకరు ముందుకు కదిలితే మరొకరు కాపు కాయాలి. తూటాలు పొదుపుగా వాడాలి. నాయకుడు పడిపోతే పక్కవాడు వెంటనే బాధ్యత అందుకోవాలి. తప్పు చేస్తే ప్రాణం పోదు, ఆట మళ్లీ మొదలవుతుంది. 1997లో అప్పటి మెరైన్ కమాండెంట్ జనరల్ చార్లెస్ క్రులాక్, నిర్ణయ శక్తికి పదును పెట్టే ఇలాంటి సాధనను ప్రోత్సహిస్తూ ఆదేశాలిచ్చారు.

సైన్యం కన్ను వీడియో గేములపై పడటం అదే మొదలు కాదు. అటారీ కంపెనీ 1980లో తెచ్చిన ట్యాంకుల ఆట ‘బ్యాటిల్‌జోన్’ చూసి, బ్రాడ్లీ యుద్ధ వాహనంలోని గన్నర్ల కోసం అలాంటిదే చేసిపెట్టమని అమెరికా సైన్యం తరఫున కొందరు అడిగారు. ఆ ఆట రూపకర్త ఎడ్ రోట్‌బర్గ్‌కు యుద్ధం కోసం పనిచేయడం ఇష్టం లేదు. అయినా తప్పక చేసి ఇచ్చారు. అది నమూనా దశ దాటలేదు. 2001లో ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ తెచ్చిన చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ మాత్రం, అదే పరిజ్ఞానంతో ‘వీబీఎస్’ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. ఎన్నో దేశాల సైన్యాలు దాన్ని వాడాయి.

ఈ కథలో మనసును తాకే మలుపు మరొకటుంది. ‘ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్’ అనే యుద్ధపు ఆట కోసం గీసిన దృశ్యాలతోనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నిపుణులు ‘వర్చువల్ ఇరాక్’ను రూపొందించారు. యుద్ధ జ్ఞాపకాలతో నిద్రకు దూరమై కుమిలిపోయే సైనికులు, చికిత్సకుల తోడుతో ఆ భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేందుకు అది సాయపడింది.

ఎంత గొప్ప గేమ్ అయినా యుద్ధంలోని అలసటను, గాయాన్ని, తోటివాణ్ని పోగొట్టుకున్న దుఃఖాన్ని చూపలేదు. అది నిజమైన శిక్షణకు తోడు మాత్రమే. సైనికుడి ప్రాణం కాపాడటానికి, మనసుకు మందు వేయడానికి వాడినప్పుడే ఈ పరిజ్ఞానానికి సార్థకత.