బూజులో దొరకిన మందు

ఉదయము నిద్ర లేచిన పిల్లవాని కనురెప్పలు వాచి యుండును. రాత్రి దోమ కుట్టినదేమో యని ఇంటివారు తలంతురు. కొన్ని దినములకు పాదములు, పొట్ట కూడ ఉబ్బును. మూత్రము నురుగు కట్టును. ఇది నెఫ్రోటిక్ సిండ్రోమ్ అను మూత్రపిండ వ్యాధి. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు కలవు. అవి రక్తములోని మలినములను వదలి మాంసకృత్తులను నిలుపవలెను. ఈ వ్యాధిలో ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రముతో పోవును. అందుచే శరీరమున నీరు చేరును.

జల్లెడను చెడగొట్టునది పెక్కుమందిలో వారి రోగనిరోధక శక్తియే. జల్లెడలోని నెఫ్రిన్ అను మాంసకృత్తును శత్రువుగా నెంచు ప్రతిరక్షకములు పెక్కుమంది రోగులైన పిల్లల రక్తములో నున్నవని 2024లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. కావలివాడే ఇంటివారిపై కఱ్ఱ యెత్తినట్లన్నమాట!

ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్ మందుతో చాలమందికి కొలది వారములలో వాపు తీయును. కాని కొందరికి వ్యాధి మాటిమాటికి తిరుగబెట్టును. ఆ మందునే దీర్ఘకాలము వాడినచో ముఖము గుండ్రమగును, ఎముకలు బలహీనపడును, ఎదుగుదల కుంటుపడును. తోటివారు పొడవగుచుండ తాను మాత్రము అట్లే యుండుట బాలునకు చిన్న బాధ కాదు. అట్టివారికి నేడు ఉపకరించు మందులలో నొకదాని కథ బూజు పట్టిన మొక్కజొన్నతో ఆరంభమైనది.

ఇటలీలో మొక్కజొన్నయే ఆహారమైన బీదలకు పెలగ్రా వ్యాధి వచ్చుచుండెను. అది పోషక లోపమని ఆనాడెవరికిని తెలియదు. బూజే కారణమేమో యని బార్తొలోమియో గోసియో అను వైద్యుడు దానిని పరీక్షించి, 1893లో ఒక పదార్థమును స్ఫటికములుగా వేరుచేసెను. అది పశువుల దొమ్మరోగమునకు కారణమగు బాక్టీరియా పెరుగుదలను ఆపెను. ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను గుర్తించుటకు 35 ఏండ్ల ముందటి మాట యిది! 1913లో అమెరికాలో దానికి మైకోఫినాలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. అయినను సూక్ష్మజీవులను చంపు మందుగా దానికి ఆసుపత్రులలో స్థానము లభింపలేదు.

దాని విలువను ఆంథొనీ ఆలిసన్, ఎల్సీ యూగీ అను శాస్త్రజ్ఞులు వేరొక దారిని గ్రహించిరి. కణము రెండుగా చీలుటకు ప్యూరిన్లు అను పదార్థములు కావలెను. పాత యింటి యిటుకలను ఏరి వాడుకొనినట్లు కణములు పాత ప్యూరిన్లను వాడుకొనగలవు, క్రొత్తవి కాల్చుకొననూగలవు. పుట్టుకతోనే పాతవానిని వాడుకొనలేని కొందరు పిల్లలలో సయితము రోగనిరోధక శక్తి ఇంచుమించు చక్కగనే యుండుట ఆలిసన్ గమనించెను. అనగా రోగనిరోధక శక్తికి మూలమగు లింఫోసైట్లకు క్రొత్త యిటుకల బట్టీయే ముఖ్యాధారము. మైకోఫినాలిక్ ఆమ్లము ఆ బట్టీనే ఆర్పును. ఇతర కణములు పాత యిటుకలతో చాలవరకు కాలము గడుపుకొనును. లింఫోసైట్లు మాత్రము వృద్ధి పొందలేవు.

ఈ ఆమ్లమునుండి చేసిన మైకోఫినొలేట్ మోఫెటిల్ 1995లో అమెరికాలో మూత్రపిండ మార్పిడి రోగులకు అనుమతి పొందెను. తరువాత నెఫ్రోటిక్ పిల్లలకును వైద్యులు దీనిని వాడసాగిరి. దీనిచే స్టెరాయిడ్ మోతాదును తగ్గింపవచ్చును. కాని యిది అందరికి పనిచేయదు. మానినచో కొందరికి వ్యాధి తిరిగి వచ్చును. కావలివాని చేయి కట్టినపుడు దొంగల భయము కూడ నుండును గదా! కనుక అంటురోగములు సోకకుండ చూచుచు, రక్తకణములను అప్పుడప్పుడు లెక్కింపవలెను. ఇంటిలో తల్లి ఉదయముననే పిల్లవాని మూత్రమును పరీక్షించి, మాంసకృత్తు కనబడినదో లేదో ఒక పుస్తకములో వ్రాసి యుంచును. వైద్యుడు మొదట అడుగునది ఆ పుస్తకమే.