లోహం లేని యంత్రం: జెడ్-మెషీన్ జీవితం

1979లో అమెరికాలో రూపొందిన జెడ్-మెషీన్‌లో ఇనుము గానీ సిలికాన్ గానీ తీగలు గానీ లేవు. కొన్ని ఆదేశాల పట్టికగా, వాటిని ఎలా పాటించాలో చెప్పే నియమాల సముదాయంగా మాత్రమే అది ఉనికిలోకి వచ్చింది. ఒక నిజమైన కంప్యూటర్ తనలో మరో కంప్యూటర్ ఉన్నట్టు ప్రోగ్రామ్ సాయంతో ప్రవర్తించే ఇటువంటి ఏర్పాటును వర్చువల్ మెషీన్ అంటారు. తెలుగులో ఊహాయంత్రం అనవచ్చు. తొలినాటి ఆటల సంస్థల్లో ఒకటైన ఇన్ఫోకామ్ తన ఆటలను అమ్ముకోవడానికి చేసుకొన్న ఈ ఏర్పాటు, సంస్థ మూతపడిన తరువాత కూడా దశాబ్దాల పాటు బతికింది.

దీని పుట్టుకకు కారణమైన ఆట పేరు జోర్క్. గుహల అన్వేషణలో అనుభవం ఉన్న విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1970ల మధ్యలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలను ఆధారం చేసుకొని ఒక ఆట రాయగా, స్టాన్‌ఫోర్డ్‌లోని డాన్ వుడ్స్ దానిని 1977లో విస్తరించాడు. బొమ్మలు లేని ఆ ఆటలో కంప్యూటర్ ఎదుటి దృశ్యాన్ని మాటల్లో వర్ణిస్తే, ఆడేవారు ఒకటి రెండు మాటల్లో తమ చర్యను టైపు చేసేవారు. అదే ఏడాది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో, టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు అంతకంటె మెరుగైన ఆటను రాయాలని పూనుకొని, పూర్తి వాక్యాలను కూడా అర్థం చేసుకోగల జోర్క్‌ను తయారు చేశారు. వారిలో కొందరు, ఎంఐటీలోని మరికొందరితో కలిసి 1979 జూన్‌లో ఇన్ఫోకామ్‌ను స్థాపించారు.

అయితే జోర్క్ నడిచింది పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద. దానికి కావలసిన మెమరీ ఒక మెగాబైటుకు దగ్గరగా ఉండగా, అప్పటి ఇళ్ళలోని కంప్యూటర్లకు 32 లేదా 48 కిలోబైట్లు ఉంటే గొప్ప. పైగా టీఆర్ఎస్-80కి రాసిన ప్రోగ్రామ్ ఆపిల్ 2 మీద నడవదు, ఆపిల్‌కు రాసినది అటారీ మీద నడవదు కనుక, ప్రతి కంప్యూటర్‌కూ ఆటను మొదటి నుంచి తిరగరాయడం చిన్న సంస్థకు మోయలేని పని. వైద్య శిక్షణ కోసం పిట్స్‌బర్గ్‌లో ఉన్న బ్లాంక్, అదే ఊరిలో ఉన్న ఇన్ఫోకామ్ స్థాపకుల్లో ఒకడైన జోయెల్ బెరెజ్ కలిసి ఈ రెండు చిక్కులకూ ఒకే పరిష్కారంగా జెడ్-మెషీన్‌ను రూపొందించారు. కథ మొత్తాన్ని ఊహాయంత్రపు భాషలో ఒకే ఫైలుగా ఉంచి, ఒక్కొక్క రకం కంప్యూటర్‌కు ఒక్కొక్క చిన్న ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే ఆ భాషను ఆ కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు అప్పటికప్పుడు చెప్పే దుబాసీ ప్రోగ్రామ్‌ను, రాస్తే చాలునన్నది వారి ఆలోచన. ఇటువంటి పద్ధతి శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి పాస్కల్‌లో అంతకుముందే ఉన్నది గనుక ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. కొత్తదనమంతా దానిని కథ చెప్పడానికే ప్రత్యేకంగా మలచిన తీరులో ఉంది.

ఆ తీరును కొంచెం నిదానంగా చూడవలసి ఉంటుంది. ఆటలో ఎక్కువ చోటు ఆక్రమించేది వర్ణన కాబట్టి, రూపకర్తల చూపు ముందుగా అక్షరాల మీద పడింది. మామూలుగా ఒక అక్షరానికి ఎనిమిది బిట్లు, అంటే ఒక బైటు, పట్టే చోట వారు ఐదు బిట్లతో సరిపెట్టి, రెండు బైట్లలోని పదహారు బిట్లలో మూడు అక్షరాలను ఇమిడ్చి, మిగిలిన ఒక్క బిట్‌ను వాక్యం ముగిసిందో లేదో చెప్పడానికి వాడుకొన్నారు. ఐదు బిట్లతో 32 సంకేతాలే సాధ్యం. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26 కావడం వల్ల ఇది కుదిరింది, పెద్ద అక్షరాలకూ విరామ చిహ్నాలకూ ముందొక మార్పు సంకేతం పెడితే సరిపోయింది. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి ఈ సంఖ్యను సులభంగా దాటిపోయే మన లిపికి ఈ పొదుపు ఇంత తేలికగా దక్కేది కాదు. తరచుగా వచ్చే మాటలకు పొట్టి గుర్తులు పెట్టుకొనే వీలు కూడా ఉంది; ఎక్కువ ఆటలకు వాడిన జెడ్-మెషీన్ మూడవ రూపంలో అటువంటివి 96 వరకు ఉండవచ్చు. ఆ రూపంలోనే నిఘంటువులోని ప్రతి మాటకూ మొదటి ఆరు అక్షరాలనే గుర్తు పెట్టుకొనేవారు కనుక, లాంతరుకు ఇంగ్లీషులో ఉన్న ఏడక్షరాల మాటలో చివరి అక్షరం తప్పు పడినా ఆటకు తేడా తెలియదు.

మెమరీ చాలకపోవడానికి విరుగుడు ఇంకా తెలివైనది. ఆటలో మారే విషయాలు, అంటే ఏ వస్తువు ఎక్కడ ఉంది, ఏ తలుపు తెరిచి ఉంది వంటివి మాత్రమే ఎల్లప్పుడూ మెమరీలో ఉంటాయి. ఎన్నటికీ మారని వర్ణనలు ఫ్లాపీ డిస్కు మీదనే ఉండి, అవసరమైనప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చి, పని తీరగానే ఇతర ముక్కలకు చోటిస్తాయి. పెద్ద కంప్యూటర్లకే పరిమితమైన వర్చువల్ మెమరీ అనే ఈ పద్ధతి ఇంటి కంప్యూటర్‌కు ఒక ఆట ద్వారా చేరడం గమనించదగిన విషయం. ఇంత చేసినా జోర్క్ మొత్తం పట్టకపోవడంతో దానిని విడగొట్టారు. సుమారు 85 కిలోబైట్ల మొదటి భాగం 1980 చివరలో, విజికాల్క్ లెక్కల ప్రోగ్రామ్‌ను ప్రచురించిన పర్సనల్ సాఫ్ట్‌వేర్ సంస్థ ద్వారా టీఆర్ఎస్-80కి వెలువడింది. ఆ తరువాతి ఏడాది ఇన్ఫోకామ్ హక్కులు తిరిగి తీసుకొని తానే ప్రచురణకర్త అయింది.

అక్కడి నుంచి యంత్రం తన విలువను చూపించింది. మార్కెట్‌లోకి కొత్త కంప్యూటర్ ఏది వచ్చినా, దానికొక దుబాసీని రాయగానే ఇన్ఫోకామ్ పాత ఆటలన్నీ ఒక్కసారిగా దాని మీద నడిచేవి. 1982లో డెడ్‌లైన్, 1983లో ప్లానెట్‌ఫాల్, 1984లో డగ్లస్ ఆడమ్స్ నవల ఆధారంగా ఆయనే స్టీవ్ మెరెట్జ్‌కీతో కలిసి రాసిన ఆట ఈ దారినే పాఠకులను చేరాయి.

అదే నమ్మకంతో సంస్థ 1985లో కార్నర్‌స్టోన్ అనే వ్యాపార డేటాబేస్‌ను కూడా ఒక ఊహాయంత్రం మీదనే నిర్మించి 495 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. కథ చదివే మనిషికి ఒక వాక్యం క్షణం ఆలస్యమైనా కష్టం తోచదు గానీ, లెక్కలు వెతికే గుమాస్తాకు ప్రతి క్షణమూ భారమే. దానికి తోడు కార్యాలయాల్లో అప్పటికే ఐబీఎం పీసీ స్థిరపడిపోవడంతో, పలు కంప్యూటర్ల మీద నడవగల గుణానికి అక్కడ గిరాకీ లేదు. యంత్రంలో లోపం లేదు, దానిని ఉంచిన చోటే తప్పు. కార్నర్‌స్టోన్ నష్టాలతో కుంగిన ఇన్ఫోకామ్‌ను 1986లో ఆక్టివిజన్ సుమారు 75 లక్షల డాలర్లకు కొన్నది. 1989లో కేంబ్రిడ్జిలోని కార్యాలయం మూతపడింది.

యంత్రం మాత్రం అప్పటికే సంస్థ గోడలు దాటింది. 1987లో ఇన్ఫోటాస్క్‌ఫోర్స్ అనే బృందం కథాఫైళ్ళను పరిశీలించి, ఆదేశాల అర్థాన్ని తానే కనిపెట్టి, సొంత దుబాసీని రాసింది. 1993లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన గణితవేత్త గ్రాహమ్ నెల్సన్ ఇన్ఫార్మ్ అనే సాధనాన్ని విడుదల చేయడంతో, ఇన్ఫోకామ్‌తో సంబంధం లేనివారు కూడా ఆ ఊహాయంత్రానికి కొత్త కథలు రాయగలిగారు. తరువాత ఆయన ఆ యంత్రపు నియమాలన్నిటినీ ప్రమాణపత్రంగా కూర్చాడు. ఈ కృషికి కంప్యూటర్ చరిత్రలో దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. 1980లలోని కథాఫైలు ఒక్క బైటు మార్చకుండా నేటి ఫోన్ మీద నడవడం వీరి పుణ్యమే.

2023లో ఆక్టివిజన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్, 2025 నవంబరులో మూడు జోర్క్ ఆటల మూల ప్రోగ్రామ్‌ను ఎవరైనా చదువుకొని వాడుకొనేటట్టు బహిరంగంగా విడుదల చేసింది. అది వెలువడిన అనుమతిపత్రం పేరు ఎంఐటీ లైసెన్సు.