పెరుగుతో పండ్ల పుల్ల ఐసు: వేసవికి ఒక చిన్న వ్యాపారం

మామిడి విరగకాసిన సంవత్సరం రైతు ఇంట పండుగ కావలసి ఉండగా, మన ప్రాంతంలో అది తరచు ఆందోళనకు కారణమవుతున్నది. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర పడిపోయినప్పుడు గుజ్జు కర్మాగారాలు చెల్లించే కిలో 8 రూపాయలకు తోడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల చొప్పున సహాయం ప్రకటించవలసి వచ్చింది. పుల్ల ఐసు వంటి చిన్న వస్తువు ఇంత పెద్ద సమస్యకు పరిష్కారం కాదన్నది నిజమే. అయితే గంప అడుగున మిగిలిపోయిన మాగిన పండు, తొక్కపై మచ్చ పడినందువలన వ్యాపారి పక్కన పెట్టిన పండు, సంతలో సాయంత్రానికి అడిగిన ధరకు వదులుకునే పండు ఉన్నాయి కదా! తియ్యదనం ఎక్కువగా ఉండేది వాటిలోనే. పాడి ఉన్న ఇంట్లో పెరుగు ఎలాగూ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపితే ఏమి తయారవుతుంది, దానితో ఎంత మిగులుతుంది, దానికోసం అప్పు చేయవచ్చునా, చేయకూడదా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

పల్లెలో ఐసు బండి గంట వినిపించగానే పిల్లలు చిల్లర కోసం తల్లి కొంగు పట్టుకోవడం మనందరికీ తెలిసినదే. ఆ బండిలో ఉండేది ఎక్కువగా నీరు, చక్కెర, రంగు, వాసన మాత్రమే. అనుమతించిన రంగులను నిర్ణీత మోతాదులో వాడితే చట్టరీత్యా అభ్యంతరం లేదు. చిక్కంతా అనుమతి లేని రంగులతోనే వస్తున్నది. పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల అద్దకపు రంగు ఉన్నట్లు తేలడంతో 2024లో తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలు అటువంటి రంగు మిఠాయిని నిషేధించాయి. రంగు కంటె కూడా నీరే ఎక్కువ ప్రమాదకరం. గడ్డకట్టిన తరువాత సూక్ష్మజీవులు చనిపోతాయని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. గడ్డకట్టినప్పుడు అనేక సూక్ష్మజీవులు కేవలం నిద్రాణ స్థితిలో ఉంటాయి. కడుపులో చేరగానే తిరిగి మేల్కొంటాయి. వేసవి సెలవులలో పిల్లలకు వచ్చే విరేచనాలకు కారణం వెదికేటప్పుడు ఐసు తయారైన నీటిని కూడా అనుమానించడం అవసరం.

ఇదే గుణం పెరుగు విషయంలో మనకు అనుకూలంగా పనిచేస్తుంది. పెరుగులోని మేలుచేసే సూక్ష్మజీవులలో కొన్ని గడ్డకట్టినా బ్రతికి ఉంటాయి. ఆవుపాల పెరుగు 100 గ్రాములలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, 149 మిల్లీగ్రాముల కాల్షియం, 60 కేలరీల శక్తి ఉంటాయి. పాలలోని లాక్టోజు కొంత భాగం తోడుకునేటప్పుడు ఆమ్లంగా మారుతుంది కనుక, పాలు సరిపడని వారిలో పలువురికి పెరుగు సరిపడుతుంది. అన్నం ముట్టని ఎండాకాలపు మధ్యాహ్నం బిడ్డ చేతికి ఇటువంటి ఐసు ఇస్తే కొంతైనా ఆహారం లోపలికి వెళుతుంది. ఇది మందు కాదు, భోజనానికి బదులూ కాదు. ఇందులోనూ చక్కెర ఉన్నది. కనుక రోజుకు ఒకటి చాలు.

తయారీ విధానం

పాలను పొంగు వచ్చేదాకా కాచి, గోరువెచ్చగా చల్లార్చి తోడు వేయాలి. వేసవిలో నాలుగైదు గంటలలో తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే చల్లని చోటికి మార్చకపోతే పులిసిపోతుంది. పులిసిన పెరుగుకు ఎంత చక్కెర కలిపినా రుచి రాదు. గేదెపాల పెరుగులో వెన్న శాతం అధికం కావడం వలన ఐసు నున్నగా వస్తుంది.

ఒక లీటరు పెరుగును శుభ్రమైన పలుచని నూలు గుడ్డలో మూటకట్టి, చల్లని చోట రెండు గంటల పాటు వేలాడదీస్తే సుమారు అర కిలో గట్టి పెరుగు మిగులుతుంది. ఈ మెట్టును వదలివేయరాదు. ఐసులో పలుకులు పలుకులుగా తగిలేది నీరే. నీరు ఎంత తగ్గితే ఐసు అంత మెత్తగా ఉంటుంది. కారిన తేటను పారబోయకుండా మజ్జిగలోనో, చపాతీ పిండి కలపడానికో వాడుకోవచ్చును.

అర కిలో మామిడి గుజ్జుకు కిలో వరకు పండ్లు పడతాయి. రసాలైతే పీచు ఉంటుంది కనుక గుజ్జును జల్లెడపై రుద్ది వడకట్టాలి. బంగినపల్లికి ఆ శ్రమ లేదు. కార్బైడుతో మాగబెట్టిన పండ్లు వాడరాదు. ఆ పద్ధతి చట్టరీత్యా నిషిద్ధం. కోయడానికి ముందే పండును బాగా కడగాలి. తొక్కమీది మురికి కత్తి వెంట గుజ్జులోకి చేరుతుందని మరువరాదు.

గుజ్జు, గట్టి పెరుగు, 100 గ్రాముల చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి, ఒక చెంచా నిమ్మరసం కలిపి చక్కెర పూర్తిగా కరిగేదాకా చిలకాలి. రుచి చూసినప్పుడు మిశ్రమం అవసరమైన దానికంటె ఒక పిసరు తీపిగా ఉండాలి. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. అలాగని చక్కెర అతిగా వేస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత మరింత దిగిపోయి, ఐసు పుల్లను పట్టుకొని నిలవదు. చక్కెర మరీ తక్కువైతే రాయిలా బిగుసుకుంటుంది. బెల్లం వాడదలచినవారు దానిని నీటిలో కరిగించి, వడకట్టి, చల్లార్చిన తరువాతే కలపాలి. రంగు ముదురుతుంది గాని రుచి బాగుంటుంది. తేనె వాడితే ఏడాది నిండని శిశువులకు ఆ ఐసు ఇవ్వకూడదు.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. అందువలన అచ్చును అంచుదాకా నింపక కాస్త ఖాళీ వదలాలి. గంటన్నర తరువాత మిశ్రమం చిక్కబడినప్పుడు పుల్ల గుచ్చితే నిటారుగా నిలుస్తుంది. పుల్ల చెక్కదే కావాలి. ప్లాస్టిక్ ఐసు పుల్లలను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. ఈ విషయం కిరాణా డీలర్లకు తెలిసినా పాత సరుకు అక్కడక్కడా కనబడుతూనే ఉన్నది. మొత్తం ఐదారు గంటలకు ఐసు సిద్ధమవుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పలుకులు పెద్దవవుతాయి. కాబట్టి అచ్చులు చిన్నవిగా, ఫ్రీజరులో గోడకు ఆనుకొని ఉండాలి. బయటకు తీసేటప్పుడు అచ్చును కొద్ది క్షణాలు మామూలు నీటిలో ముంచితే ఐసు తేలికగా ఊడివస్తుంది.

అన్ని పండ్లూ ఒకే తీరుగా ప్రవర్తించవు. పచ్చి అనాసలోని బ్రోమలిన్, బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైములు పాల మాంసకృత్తులను విచ్ఛిన్నం చేస్తాయి. వాటి గుజ్జును అలాగే పెరుగులో కలిపితే కొద్దిసేపటికే చేదెక్కుతుంది. ఈ సంగతి తెలియక ఒక తడవ సరుకంతా పారబోసి, పెరుగే చెడిపోయిందని పాలవాడిని తిట్టుకున్నవారిని నేను చూశాను. ఈ రెండు పండ్ల గుజ్జును ఉడికించి చల్లార్చి కలిపితే ఎటువంటి ఇబ్బందీ రాదు. జామను మాత్రం ఉడికించరాదు. దానిలో సమృద్ధిగా ఉండే సి విటమిను వేడికి నశిస్తుంది. పచ్చి గుజ్జునే వడకట్టి గింజలు తీసివేయాలి. సపోటాకు చక్కెర సగం సరిపోతుంది. అరటిపండు నల్లబడకుండా నిమ్మరసం తప్పనిసరి. పుచ్చకాయ అంతా నీరే కనుక పెరుగుతో దాని పొత్తు అంతగా కుదరదని నా అభిప్రాయం.

ఫ్రిజ్ లేనిచోట, కరెంటు పోయినచోట

ఫ్రిజ్ లేనివారు కుల్ఫీ బండివారి పద్ధతి అనుసరించవచ్చును. మూడు పాళ్ల ఐసు ముక్కలకు ఒక పాలు ఉప్పు కలిపితే ఆ మిశ్రమం ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల దాకా పడిపోగలదు. మూత గట్టిగా బిగించిన అచ్చులను అందులో పాతిపెట్టాలి. ఉప్పునీరు లోపలికి రాకూడదు. ఆ ఐసు తాగే నీటితో తయారైనది కాకపోవచ్చును కనుక అచ్చుల వెలుపలి భాగాన్ని మంచినీటితో కడిగిన తరువాతే మూత తీయాలి.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజరు తలుపు తెరవకుండా ఉండడమే మొదటి జాగ్రత్త. నిండుగా ఉన్న ఫ్రీజరు ఖాళీదాని కంటె ఎక్కువసేపు చలిని నిలుపుకుంటుంది. కనుక సరుకు తక్కువైన రోజున నీటి సీసాలతో నింపాలి. ఇంట్లో లేని సమయంలో సరుకు కరిగి మళ్లీ గడ్డకట్టిందేమో తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉన్నది. గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో ఉంచాలి. తిరిగి వచ్చి చూసినప్పుడు బిళ్ల పైనే ఉంటే భయం లేదు. అడుగుకు చేరి ఉంటే అంతా ఒకసారి కరిగిందని అర్థం. ఆ సరుకును అమ్మరాదు. నష్టం ఎంతైనా సరే, కరిగినదానిని మళ్లీ గడ్డకట్టించి పిల్లల చేతికి ఇవ్వడం తగదు.

ఖర్చు, రాబడి

ఇక్కడ ఇచ్చే ధరలు లెక్క చూపడానికి ఊహించినవే. చదివేవారు తమ ఊరి ధరలు వేసుకోవాలి. లీటరు పెరుగు 60 రూపాయలు, పండ్లు 40, చక్కెర 5, ఏలకులు, నిమ్మ 5, పుల్లలు, కాగితం 15, కరెంటు 10 అనుకుందాం. మొత్తం 135 రూపాయలు. 60 మిల్లీలీటర్ల అచ్చులలో 17 ఐసులు వస్తాయి. విరిగినవి, ఇంటి పిల్లలు తిన్నవి రెండు తీసివేస్తే అమ్మకానికి 15. అంటే ఒక్కొక్కటి 9 రూపాయలు పడింది. ఐదు రూపాయల రంగు ఐసుతో పోటీపడే వస్తువు కాదన్నమాట. ఆ పోటీకి దిగి పండు తగ్గించి నీరు పెంచినవారి వ్యాపారం రెండవ వారానికి నిలిచిపోతుంది. 15 రూపాయలకు అమ్మితే లీటరు పెరుగుపై 90 రూపాయలు మిగులుతుంది. దుకాణం ద్వారా అమ్మి, దుకాణదారునికి ఐసుకు 3 రూపాయలు వదిలితే మిగిలేది 45.

రోజుకు పది లీటర్ల పెరుగుతో దుకాణాలకు వేస్తే 450 రూపాయలు. 90 రోజుల వేసవి అనుకొని 40,500 అని కాగితంపై వ్రాసుకోవడం సులభమే. గాలివానలు, కరెంటు కోతలు, ఇంట్లో పెళ్లిళ్లు పోగా నిజంగా పని జరిగేది 60 రోజులే అయితే 27,000 రూపాయలు. డీప్ ఫ్రీజరు వెల 25,000 అనుకుంటే మొదటి వేసవి సంపాదన దాదాపు అంతా దానికే చెల్లిపోతుంది. పనిచేసిన ఇద్దరు స్త్రీల కూలి ఎక్కడ? ఫ్రీజర్లు అమ్మే డీలర్లు "ఒక్క సీజనులో తీరిపోతుంది" అని చెప్పినప్పుడు ఈ ప్రశ్న వేయాలని నా మనవి. డీలరు సోదరులు కూడా అమ్మకంతో పాటు మరమ్మతు ఎవరు చేస్తారో, ఎన్ని రోజులలో వస్తారో కాగితంపై వ్రాసి ఇస్తే ఉభయులకూ మంచిది. మే నెలలో వారం రోజులు ఆగిన ఫ్రీజరు సంవత్సరమంతా ఆగినట్లే.

అప్పు ఎప్పుడు, ఎంత

నా సలహా ఇది. మొదటి వేసవి ఇంటి ఫ్రిజ్‌తో, రోజుకు రెండు మూడు లీటర్ల పెరుగుతో నడపండి. ఎవరు కొంటున్నారు, ఏ పండు పోతున్నది, ఎన్ని మిగులుతున్నాయి అన్నది ఒక పుస్తకంలో వ్రాయండి. రెండవ ఏడు ఆ పుస్తకం తీసుకొని బ్యాంకుకు రండి. రుణం మంజూరు చేసే అధికారికి ఆ పుస్తకం కంటె నమ్మకమైన ప్రాజెక్టు రిపోర్టు లేదు.

స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని 1992లో నాబార్డు ప్రారంభించింది. సంఘంలో సభ్యులైన వారికి సంఘం ద్వారా అప్పు తీసుకోవడమే తేలిక. సంఘంలో లేనివారికి 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలో 50,000 రూపాయల వరకు శిశు రుణం తాకట్టు లేకుండా లభిస్తుంది. ఈ వ్యాపారానికి అంతకు మించి అవసరం ఉండదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సబ్సిడీ నిర్ణయించారు. దరఖాస్తు చేసేనాటికి అది వర్తిస్తుందో లేదో శాఖలో అడిగి తెలుసుకోండి. సబ్సిడీ వస్తేనే గిట్టుబాటయ్యే లెక్కతో మాత్రం వ్యాపారం మొదలుపెట్టవద్దు.

కిస్తీల విషయంలో ఒక మాట. ఏడాది పొడవునా సమానమైన నెలసరి కిస్తీలు ఈ పనికి సరిపడవు. మార్చి నుండి జూన్ వరకు ఎక్కువ మొత్తం, మిగిలిన నెలలలో వడ్డీ మేరకు చెల్లించేటట్లు, రెండు వేసవుల గడువుతో అడగండి. అడగనిదే మారదు. ముసురు నెలలలో ఖాళీ ఫ్రీజరును చేపల వ్యాపారికి అద్దెకు ఇచ్చే ఆలోచన కొందరికి వస్తుంది. ఆ వాసన మరుసటి వేసవికి కూడా పోదు. దానికి బదులు వేసవిలో చౌకగా దొరికిన మామిడి గుజ్జును నింపి ఉంచితే దసరా దాకా అమ్ముకోవచ్చును.

అమ్మకానికి తయారుచేసేవారు ఎంత చిన్నవారైనా 2006 నాటి ఆహార భద్రతా, ప్రమాణాల చట్టం కింద రిజిస్ట్రేషను పొందవలసి ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైనులో చేయవచ్చును. పొట్లంపై తయారైన తేదీ, వాడిన పదార్థాలు, రిజిస్ట్రేషను సంఖ్య ఉండాలి.

శివరాత్రితో చలి వెళ్లిపోతుందంటారు. ఆనాటికి ఫ్రీజరు ఇంటికి చేరాలంటే దరఖాస్తు సంక్రాంతి సెలవులు ముగియగానే శాఖకు అందాలి. ఆధారు, పాసు పుస్తకం, ఫ్రీజరుకు ఇద్దరు డీలర్ల నుండి కొటేషన్లు, ఆహార రిజిస్ట్రేషను పత్రం, గత వేసవి లెక్కల పుస్తకం వెంట తీసుకురండి.