స్టేజీ మీద ఎవరున్నారో చూసి టికెట్ కొనండి

పోయిన వారం తాండూరు స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే ఇద్దరు జూనియర్లు కలిశారు. ఒకరిది తాండూరే, ఇంకొకరిది వికారాబాద్. ఇద్దరూ ఇంజినీరింగ్ ఫైనలియర్. ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతారనుకున్నా. ‘అన్నా, చెరో ఎనిమిది వేలు జమ చేసినం. పాత రాక్ బ్యాండ్లల్ల ఒక్కదాన్ని లైవ్‌ల చూడాలె. దేనికి పోదాం?’ అన్నారు. ఒకతను ట్యూషన్లు చెప్పి, ఇంకొకతను ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోయి దాచిన డబ్బులవి. ఉన్నది ఒక్క షోకే. తప్పుగా ఎంచుకుంటే ఏడాది కష్టం ఒక్క సాయంత్రంలో పోతుంది.

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదనిపించింది. ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి కూర్చోబెట్టి మాట్లాడా. ఆ గంట మాటల సారాంశం ఇది. రేపు రెండు ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకొని ఏది తీసుకోవాలో తేల్చుకోలేనప్పుడు కూడా మీకు పనికొస్తుంది.

ఆ పేరుతో వస్తున్నది ఎవరు?

పాత బ్యాండ్ల విషయంలో మొదట చూడాల్సింది ఇదే. నలభై ఏళ్ల పేరు అలాగే ఉంటుంది. దాని వెనకాల మనుషులు మారిపోతుంటారు. గన్స్ ఎన్ రోజెస్‌నే తీసుకోండి. 1985లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన బ్యాండ్. 2012 డిసెంబర్‌లో మన దేశానికి వచ్చి బెంగళూరు, ముంబై, గుర్‌గావ్‌లో వాయించింది. అప్పుడు గాయకుడు ఆక్సెల్ రోజ్ ఉన్నాడు కానీ, ఆ పాటలకు గిటార్‌తో ప్రాణం పోసిన స్లాష్ లేడు. బేస్ వాయించే డఫ్ మెక్‌కేగన్ కూడా లేడు. ఆ ఇద్దరూ 2016లో మళ్లీ కలిశారు. 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో ముగ్గురూ ఒకే స్టేజీ మీద నిలబడ్డారు. పోస్టర్ మీద రెండుసార్లూ అదే పేరు. చూసినవాళ్లకు దక్కింది మాత్రం వేర్వేరు.

కోల్డ్‌ప్లేది ఇంకో తీరు. 2025 జనవరిలో నవీ ముంబైలో మూడు షోలు, అహ్మదాబాద్‌లో రెండు షోలు చేసింది. తొంభైల చివర్లో లండన్‌లో మొదలైనప్పటి నలుగురే ఇప్పటికీ ఉన్నారు. లింకిన్ పార్క్ సంగతి మరోలా ఉంది. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో చనిపోయాడు. 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్త గొంతుగా వచ్చింది. చెస్టర్ కోసం వెళ్తే వెలితిగా ఉంటుంది. ఒక బ్యాండ్ తన దుఃఖంలోంచి ఎలా లేచి నిలబడిందో చూద్దామని వెళ్తే నిండుగా ఉంటుంది. దేని కోసం వెళ్తున్నామో ముందే తేల్చుకోవాలి.

కంపెనీలూ అంతే. బోర్డు మీద పేరు చూసి మురిసిపోతాం. మనం కూర్చునేది ఏ టీమ్‌లో, పని నేర్పేది ఎవరు, వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారా అని ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడతాం. అడగండి. అడిగితే ఆఫర్ ఏమీ పోదు.

మళ్లీ వస్తుందా?

నేను తప్పు చేసింది ఇక్కడే. మా అమ్మకు ఎస్పీ బాలు పాటంటే ప్రాణం. నాయిన పొద్దున్నే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు పోయాక, ఇల్లూడుస్తూ రేడియోలో ఆయన గొంతు వినడమే ఆమె తీరిక. 2019 చివర్లో బాలు, ఏసుదాస్, చిత్ర ముగ్గురూ కలిసి హైదరాబాద్‌లో పాడుతున్నారని తెలిసింది. నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ‘పోదామా బిడ్డా?’ అని అమ్మ ఒక్కసారే అడిగింది. రెండు టికెట్ల ధర చూసి, ప్రొబేషన్‌లో సెలవు అడగడానికి భయపడి, ‘వచ్చేసారి పోదాంలే అమ్మా’ అన్నా.

2020 సెప్టెంబర్ 25న బాలు వెళ్లిపోయారు. ఆ రోజు అమ్మ నన్నేమీ అనలేదు. టీవీ ముందు కూర్చొని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతే. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. టికెట్ డబ్బులు మిగిలాయి కదా, వాటితో ఏం కొన్నానో ఇప్పుడు నాకే గుర్తు లేదు.

అందుకే 2025లో గన్స్ ఎన్ రోజెస్ టికెట్లు పెట్టినప్పుడు ‘వచ్చేసారి’ అనే మాట నోటికి రాలేదు. అరవై దాటిన ఆక్సెల్ రోజ్ గొంతు 1987 నాటి తొలి ఆల్బమ్‌లో ఉన్నట్టు ఉండదని తెలిసే వెళ్లా. లేదు కూడా. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా కష్టపడ్డాడు. స్లాష్ గిటార్ మాత్రం ఆ కష్టాన్ని మోసుకుంటూ పోయింది. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు ఒకరి లోటు ఇంకొకరు ఎలా కప్పుతారో కళ్లారా చూశా.

ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా ఎంత?

హైదరాబాద్-ముంబై రైలు మార్గం మన వికారాబాద్, తాండూరు మీదుగానే పోతుంది. తాండూరులో ఎక్కినవాళ్లు అప్పటికే వంద కిలోమీటర్లకు పైగా ముందున్నట్టు లెక్క. అది మనకు కలిసొచ్చే విషయం. కానీ టికెట్ ధర ఒక్కటే ఖర్చు కాదు. జూనియర్ల ముందు ఒక కాగితం మీద ఇలా వేశా: షో టికెట్ 5,000, బుకింగ్ ఫీజు 800, రానుపోను స్లీపర్ 1,000, ఒక రాత్రి బస 1,500, అక్కడి లోకల్ రైళ్లు, ఆటోలు 500, తిండి, నీళ్లు 700. మొత్తం 9,500. ఇవి ఉజ్జాయింపు అంకెలే. మీ అంకెలు మీరు వేసుకోండి. వాళ్ల దగ్గరున్నది ఎనిమిది వేలు. అంటే తలా 1,500 తక్కువ.

‘ఏముందన్నా, లోన్ యాప్‌ల తీసుకుంటం’ అన్నాడు వికారాబాద్ తమ్ముడు.

అక్కడ మాత్రం గట్టిగా చెప్పా. ఉద్యోగం రాకముందు పాట కోసం అప్పు చేయొద్దు. వాయిదా కట్టలేక, ఆ ఒత్తిడిలో వచ్చిన మొదటి ఉద్యోగానికే తల ఊపినవాళ్లను చూశాను. బ్లాకులో టికెట్ల జోలికీ పోవద్దు. కోల్డ్‌ప్లే షోలప్పుడు వేరే సైట్లలో అమ్మే టికెట్లు చెల్లవని అధికారికంగా అమ్మిన సంస్థే హెచ్చరించింది. అదే కోల్డ్‌ప్లే జనవరి 26 నాటి అహ్మదాబాద్ షోను హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసింది. గుంపులో నిలబడ్డంత అనుభవం రాదు. కానీ అప్పు కూడా మిగలదు.

మర్నాడు పొద్దున ఏముంది?

2011లో మెటాలికా తొలిసారి మన దేశానికి వచ్చింది. అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో జరగాల్సిన షో జనం అడుగుపెట్టాక ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం సాఫీగా జరిగింది. షో రోజున ఏదైనా జరగొచ్చు. కాబట్టి మర్నాడు ఇంటర్వ్యూ, పరీక్ష ఉంటే దూరపు షో వద్దు. గన్స్ ఎన్ రోజెస్ షో శనివారం కావడం వల్లే నేను వెళ్లగలిగా. ఆదివారం రైలెక్కి వచ్చి, సోమవారం లాగిన్ అయ్యా.

హైదరాబాద్ షో అయినా తిరుగు రైలు చూసుకోండి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అంటే షో పదికి ముగుస్తుందనుకున్నా, ఆ గుంపులోంచి బయటపడి లింగంపల్లి చేరేసరికి మన వైపు రైలు ఉంటుందో లేదో ముందే చూడాలి. లేకపోతే స్నేహితుడి గది మాట్లాడి పెట్టుకోవాలి.

మరి దేనికి పోవాలి?

నన్నడిగితే, ఎనిమిది వేలున్న ఫైనలియర్ విద్యార్థి మొదట చూడాల్సిన పాత బ్యాండ్ ఇండియన్ ఓషన్. 1990లో ఢిల్లీలో మొదలైంది. తబలా వాయిస్తూ పాడిన అషీమ్ చక్రవర్తి 2009లో చనిపోయాడు. గిటార్ వాయించిన సుస్మిత్ సేన్ 2013లో బయటికి వచ్చేశాడు. 1991లో చేరిన రాహుల్ రామ్, 1994లో చేరిన అమిత్ కిలమ్ ఇంకా అదే స్టేజీ మీదున్నారు. హైదరాబాద్‌కు వచ్చినప్పుడు చూడొచ్చు. ముంబై దాకా పోనక్కర్లేదు. అషీమ్ ఉన్నప్పుడు చూడలేకపోయామని బాధపడేవాళ్లు ఎందరో ఉన్నారు. మిగిలిన ఇద్దరి విషయంలో ఆ మాట అనుకోకుండా ఉండొచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విష శాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మనిషి. తిరిగొచ్చి నర్మదా ఆందోళనలో పనిచేశాడు. బేస్ గిటార్ కూడా భుజాన వేసుకున్నాడు. చదివిన చదువుకు, చేసే పనికి పొంతన లేదని దిగులుపడే మన బ్రాంచ్ వాళ్లంతా ఒకసారి ఆయన్ని చూడాలి. మూడు దశాబ్దాలకు పైగా ఒకే పనిని వదలకుండా పట్టుకోవడం ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది.

వికారాబాద్ తమ్ముడు ఒప్పుకున్నాడు. ‘మిగిలిన పైసలతోని ఇంటర్వ్యూకు బూట్లు కొంట’ అన్నాడు. తాండూరు తమ్ముడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి, ‘అన్నా, ఇళయరాజా వయసెంత?’ అని అడిగాడు. ఎనభై దాటిందని చెప్పా.

‘2023ల గచ్చిబౌలి స్టేడియంల పాడినప్పుడు మా నాయిన పోదామన్నడు. పరీక్షలున్నయని నేనే వద్దన్న. మళ్లొస్తే ఎనిమిది వేలల్ల ఇద్దరికి టికెట్లొస్తయా?’

వెనక వరసలో వస్తాయని చెప్పా. రాక్ బ్యాండ్ సంగతి అతను మళ్లీ ఎత్తలేదు.