రక్తనాళపు గోడలో ద్వారాలు, వాటిని పట్టి ఉంచే తాళ్లు

పి.యు.సి., ప్లస్ టూ లలో బయాలజీ చదువుతున్న మన పిల్లలకు అయాన్ చానెల్స్ గురించి తెలిసే ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు కణంలోకి రాకపోకలు సాగించే ద్వారాలవి. ఆక్టిన్ గురించి వేరే పాఠంలో చదువుతారు. ఈ రెంటికీ గల సంబంధాన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు. ఇంట్లో పెద్దలు వేసుకునే బి.పి. మాత్రతోను, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే ఒక మూత్రపిండాల జబ్బుతోను దీనికి సంబంధం ఉంది కనుక ఇక్కడ వివరిస్తున్నాం.

చిన్న ధమనుల గోడలో నునుపు కండర కణాలు నాళం చుట్టూ చుట్టుకుని ఉంటాయి. అవి బిగిస్తే నాళం సన్నబడుతుంది. వ్యాసార్థం సగమైతే, ఒత్తిడి మారకుంటే, ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ధమని రబ్బరు గొట్టంలా ఉబ్బదు. తనంత తానే బిగుసుకుంటుంది. ఇందుకు నాడుల ఆజ్ఞ అక్కరలేదని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం బేలిస్ 1902లో చెప్పారు. మెదడులో, మూత్రపిండాలలో ఉండే సున్నితమైన కేశనాళికలకు ఇది పెద్ద రక్షణ.

ఒత్తిడి పెరిగిందని కండర కణానికి ఎలా తెలుస్తుంది? ఒత్తిడికి కణత్వచం సాగుతుంది. సాగినప్పుడు తెరుచుకునే చానెల్స్ అందులో కొన్ని ఉన్నాయి. వాటి గుండా ధన అయాన్లు రాగానే కణం లోపలి రుణావేశం తగ్గుతుంది. అప్పుడు కాల్షియం చానెల్స్ తెరుచుకుంటాయి. కాల్షియం చేరితే మయోసిన్ ఆక్టిన్ తంతువులను లాగుతుంది, కండరం బిగుస్తుంది. విరివిగా వాడే ఆమ్లోడిపిన్ మాత్ర అడ్డుకునేది ఈ కాల్షియం చానెల్‌నే. బి.పి. నార్మల్‌కు వచ్చిందని డాక్టరును అడగకుండా మాత్ర మానేసే పెద్దలకు పిల్లలు ఈ సంగతి చెప్పాలి. మాత్ర ఒంట్లో ఉన్నంతసేపే ఆ ద్వారానికి అడ్డు ఉంటుంది.

ఇక ఆక్టిన్ చేసే రెండో పని. కణత్వచం కింద ఆక్టిన్ తంతువులు వలలా అల్లుకుని ఉంటాయి. ఫిలమిన్-ఎ అనే ప్రోటీన్ వాటిని ముడులు వేసినట్టు కలుపుతుంది. పెళ్లి షామియానాను తలచుకోండి. గాలి వీచినప్పుడు తాళ్లు ఎంత భారం మోస్తే గుడ్డ మీద అంత తక్కువ లాగుడు పడుతుంది. చానెల్స్ ఉన్నది గుడ్డలో. కాబట్టి అవి ఎప్పుడు తెరుచుకోవాలన్నది తాళ్ల మీద కూడా ఆధారపడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ పాలీసిస్టిక్ కిడ్నీ వ్యాధి. పెద్దవారిలో కనిపించే రకం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ఇందులో పాలీసిస్టిన్-1 లేదా పాలీసిస్టిన్-2 ప్రోటీన్‌కు చెందిన జన్యువు దెబ్బతింటుంది. ఫ్రాన్స్‌లో ఎరిక్ ఓనోరే బృందం 2009లో ఎలుకల ధమనుల కండర కణాల్లో పాలీసిస్టిన్-1 లేకుండా చేసి చూసింది. సాగినప్పుడు తెరుచుకోవలసిన చానెల్స్ పని మందగించింది, ధమని బిగుసుకునే గుణం తగ్గింది. చిత్రమేమంటే, అదే ధమనిలో పాలీసిస్టిన్-2ను కూడా తగ్గిస్తే రెండూ తిరిగి వచ్చాయి! రెంటి పాళ్లు కుదరాలన్నమాట. పాలీసిస్టిన్-2 ఫిలమిన్-ఎ తో కలిసి ఉంటుందని, ఫిలమిన్-ఎ లేనిదే ఈ అదుపు సాగదని కూడా వారు చూపారు.

ఇటువంటి సూక్ష్మ విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతికి 1991లో నోబెల్ బహుమతి పొందిన ఇద్దరిలో ఎర్విన్ నేహెర్ చదివింది ఫిజిక్స్, బెర్ట్ సాక్‌మన్ చదివింది వైద్యం. బయాలజీ అంటే ఎం.బి.బి.ఎస్. ఒక్కటే అనుకునే తల్లిదండ్రులు ఇది గమనించాలి.

ఈ వ్యాధిలో బి.పి. పెరగడానికి కారణం ఈ చానెల్స్ ఒక్కటే అనుకోరాదు. మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్ ప్రభావమూ ఉంది. మూత్రపిండాల పనితీరు తగ్గకముందే, చిన్న వయసులోనే బి.పి. పెరగడం ఇందులో మామూలు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, కాలేజీ వయసు పిల్లలకు కూడా బి.పి. చూపించి, స్కానింగ్ ఎప్పుడు చేయించాలో మూత్రపిండాల డాక్టరును అడగండి.