రిమోట్ ట్యాంకుకు నిజం రూపు తేవడం: తుప్పు ఎక్కడ ఉండాలి, దుమ్ము ఎక్కడ ఉండాలి

పోయిన ఎపిసోడ్‌లో రిమోట్ ట్యాంకు గేర్‌బాక్స్ విప్పి గ్రీజు పెట్టడం చూశాం. కామెంట్లలో చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, బండి బాగా నడుస్తోంది కానీ చూడ్డానికి బొమ్మలాగే ఉంది. మీ ట్యాంకులాగా నిజమైనట్టు ఎట్లా వస్తుంది?" ఈ రోజు అదే చెప్తాను. నేను చేసిన తప్పులతోనే మొదలుపెడతాను. ఎందుకంటే నా మొదటి ట్యాంకును చూసి మా మేనమామ నాలుగు మాటలన్నాడు. నేను నేర్చుకున్నదంతా ఆ నాలుగు మాటల్లోంచే వచ్చింది.

మామది చంద్రగిరి పక్కన పల్లె. ఆర్మీలో ట్యాంకు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. టి-72 నడిపాడు. ఆ సంగతులు ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. అడిగితే "ఏముందిరా, ఎండ, ఇసుక" అని ఊరుకునేవాడు. నేను ఆరు నెలలు కూర్చుని 1/16 స్కేల్ టి-72కి రంగులేసి, గొప్పగా ఉందనుకుని తీసుకెళ్లి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు.

"ఏంరా అబ్బోడా, ఇంత తుప్పేంది? మేం బండిని ఇట్ల పెట్టుకుంటామా?" అన్నాడు. తర్వాత, "పొగ రెండు పక్కలా పూసినావే, నా బండికి సైలెన్సరు ఎడమ పక్కన ఒకటే కదా." తర్వాత, "దుంగ యాడ?" ఆఖర్న, "ఇందులో మనుషులు యాడుండారు?"

ఈ నాలుగు ప్రశ్నలే ఈ రోజు మన పాఠం.

ముందు లెక్క

1/16 అంటే బండి మీద ఒక మిల్లీమీటరు నిజంలో 16 మిల్లీమీటర్లు. టి-72 బాడీ పొడవు దాదాపు 7 మీటర్లు, మన మోడల్‌లో 43 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషి పదిన్నర సెంటీమీటర్లు అవుతాడు. ఈ లెక్క తలలో పెట్టుకోకుండా బ్రష్ పట్టుకోవద్దు. 5 మిల్లీమీటర్ల మేర రంగు లేచిపోయినట్టు గీశారనుకోండి, నిజంలో అది 8 సెంటీమీటర్లు, అంటే అరచేయంత పెచ్చు. అలాంటివి బండంతా వేస్తే అది యుద్ధం చేసిన ట్యాంకులా కాదు, పాత ఇనుప సామాన్ల కొట్లో పడేసిన డ్రమ్ములా ఉంటుంది. నేను చేసిందీ అదే.

పోత ఇనుము, రేకు ఇనుము

టి-72లో రెండు రకాల ఉక్కు కనిపిస్తుంది. కింది బాడీ చదునైన ప్లేట్లను వెల్డింగ్ చేసి కట్టింది, నున్నగా ఉంటుంది. పైన తిరిగే టరెట్ అచ్చులో పోతపోసింది, గరుగ్గా ఉంటుంది. బొమ్మలో రెండూ ఒకే నున్నటి ప్లాస్టిక్. ఈ తేడా తెస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

టరెట్ మీద మాత్రమే ప్రైమర్‌లో కొంచెం టాల్కం పౌడర్ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పొడుస్తూ పూయండి. రుద్దకండి, గీతలు పడతాయి. ఆరాక మెత్తటి ఎమరీ పేపర్‌తో పైపైన ఒక్కసారి తుడిస్తే పోత ఇనుము గరుకు వస్తుంది. బాడీని ముట్టుకోకండి.

వెల్డింగ్ అతుకులకు ఎమ్‌సీల్ చాలు. రెండు ముద్దలు కలిపి సేమ్యా అంత సన్నగా పేనండి. మిల్లీమీటరు మందం అంటే నిజంలో ఒకటిన్నర సెంటీమీటరు, అది సరిపోతుంది. అతుకు మీద పెట్టి, తడి చేసిన బ్లేడు వీపుతో దగ్గర దగ్గరగా నొక్కుతూ పోండి. ఎమ్‌సీల్ తొందరగా గట్టిపడుతుంది కాబట్టి జానెడు పొడవు కంటే ఎక్కువ ఒకేసారి కలపొద్దు.

తుప్పు

ఇప్పుడు మామ మొదటి ప్రశ్న. రోజూ వాడే బండి తుప్పు పట్టదు. పట్టనివ్వరు. రంగు లేచినచోట కింద కనిపించేది ముందు ప్రైమర్, బాగా అరిగినచోట నల్లటి ఉక్కు. నారింజ రంగు తుప్పు పారేసిన బండి గుర్తు. అది చూసే మామకు మనసు కష్టమైంది. ఆయన రోజూ తుడిచిన బండిని నేను తుక్కు చేసి చూపించాను మరి.

నిజమైన అరుగుదల చూడాలంటే ట్యాంకే దొరకాలని లేదు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దగ్గర ప్రొక్లెయిన్ చైను చూడండి. నేలకు తగిలే అంచులు వెండిలా మెరుస్తాయి, లోపల గోధుమ రంగు, సందుల్లో ఎండిన మట్టి. ట్యాంకు చైనుదీ ఇదే తీరు. చైనుకు ముదురు గోధుమ రంగు వేసి, ఆరాక పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలితో బయటి అంచులకు మాత్రమే రుద్దండి. లోహపు చైను అయితే అంచులను ఎమరీతో రుద్దితే చాలు, నిజం మెరుపే వస్తుంది.

రంగు పెచ్చులకు హెయిర్ స్ప్రే పద్ధతి చెప్తాను. ముందు కావి రంగు ప్రైమర్, దాని మీద వార్నిష్, బాగా ఆరాక హెయిర్ స్ప్రే రెండు పూతలు. దాని మీద ఆక్రిలిక్ పై రంగు. అదే రోజు, రంగు పూర్తిగా బిగుసుకోకముందే, తడి బ్రష్‌తో రుద్దితే నీళ్లకు హెయిర్ స్ప్రే కరిగి పై రంగు చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. ఎనామిల్ రంగుతో ఇది పనిచేయదు, నీళ్లు కిందికి దిగవు కదా.

ఎక్కడ రుద్దాలి? మామనే అడిగాను. ఎక్కడ కాలు పెట్టి ఎక్కేవాడివి, ఎక్కడ చెయ్యి పట్టుకునేవాడివి అని. డ్రైవరు మూత ముందు మధ్యలో ఉంటుంది. ముందు ఏటవాలు ప్లేటు మీద బూటు పడేచోటు, మూత అంచు, టరెట్ మీద కమాండర్, గన్నర్ మూతల చుట్టూ. అంతే. మనిషి తగలని చోట రంగు అరగదు.

మన తిరుపతిలో నవంబర్‌లో ముసురు పట్టినప్పుడు స్ప్రే చేయకండి. గాల్లో తేమకు పూత తెల్లగా పాలిపోతుంది. ఎండొచ్చే దాకా ఆగండి. స్ప్రే చేసేటప్పుడు మాస్క్ కట్టుకోండి, దగ్గర్లో స్టవ్ గానీ దీపం గానీ ఉండకూడదు.

పొగ, నూనె

రెండో ప్రశ్న. టి-72 సైలెన్సర్ ఎడమ పక్క ఫెండర్ మీద ఉంటుంది. మసి అక్కడే పట్టాలి. సైలెన్సర్ ఎప్పుడూ వేడెక్కే భాగం కాబట్టి దాని మీద మాత్రం గోధుమ రంగు తుప్పు ఒప్పుకుంటారు, ఎందుకంటే అక్కడ రంగు నిలవదు. డీజిల్ పోసే మూతల కింద సన్నటి నల్లటి జారు మరకలు వేయొచ్చు.

వీటికి ఆయిల్ పెయింట్‌ను టర్పెంటైన్‌లో బాగా పల్చగా కలిపి సన్న బ్రష్‌తో అతుకుల మూల ముట్టిస్తే, ఆ ద్రవం సందు వెంబడి దానంతటదే పాకుతుంది. ఒక జాగ్రత్త: ముందు వార్నిష్ పూత తప్పనిసరి. పూత లేని ప్లాస్టిక్‌లోకి థిన్నర్ దిగితే స్క్రూ బిగించిన చోట్ల పగుళ్ళు వస్తాయి.

దుమ్ము

మామ నడిపింది రాజస్థాన్ ఇసుకలో. నేను మొదటిసారి మా వీధిలో ఎర్రమట్టి తెచ్చి ఫెవికాల్‌తో పూశాను. రెండు తప్పులు. ఒకటి, రంగు మనది, రాజస్థాన్‌ది కాదు. రెండు, జల్లెడ పట్టకపోతే అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ స్కేల్‌లో 8 మిల్లీమీటర్ల కంకర రాయి. పైగా అది గేర్లలో పడి పళ్ళను తినేస్తుంది. నా ఎడమ గేర్‌బాక్స్ అలాగే పోయింది.

ఇప్పుడు నేను వాడేది ముగ్గుపిండి. దాన్ని పలుచటి గుడ్డలో వస్త్రగాళితం పట్టి, గచ్చుకు వాడే ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్ పొడులు చిటికెడు చిటికెడు కలిపితే కావలసిన ఇసుక రంగు వస్తుంది. పసుపు మాత్రం కలపకండి. ఎండకు వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పొడిని చక్రాల మీద, కింది బాడీ మీద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా బ్రష్‌తో అద్ది, మ్యాట్ వార్నిష్‌ను దూరం నుంచి పల్చగా కొట్టండి. దగ్గర నుంచి కొడితే పొడి ఎగిరిపోతుంది. దుమ్ము వేసేముందు గేర్‌బాక్స్, స్పీకరు, స్విచ్, ఛార్జింగ్ పిన్ను అన్నీ టేపుతో మూసేయండి.

దుంగ, తాడు, టార్పాలిన్

మూడో ప్రశ్న దుంగ. టి-72 వెనక ఒక చెట్టు మొద్దు కట్టి ఉంటుంది. బండి బురదలోనో ఇసుకలోనో దిగబడితే ఆ మొద్దును చైన్లకు కట్టి ముందుకు నడుపుతారు. చైను దాన్ని కిందికి లాక్కుంటే దాని మీద ఎక్కి బండి బయటపడుతుంది. బొమ్మలో ఇచ్చేది ప్లాస్టిక్ గొట్టం. నేను బొటనవేలు మందం వేపపుల్ల కోసి వారం ఎండబెట్టి పెట్టాను. పచ్చిది పెడితే ఎండాక కుంచించి కట్టు వదులైపోతుంది.

లాగుడు తాడుకు సైకిల్ బ్రేకు లోపలి వైరు బాగుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే నిజంలో 24 మిల్లీమీటర్ల ఉక్కు తాడు. స్ప్రింగులా ఎగిరిపడుతుంటే పట్టకారుతో పట్టుకుని మంట మీద ఎర్రగా కాల్చి నిదానంగా చల్లారనివ్వండి, మెత్తబడి చెప్పినట్టు వింటుంది. ప్లాస్టిక్ పూత ఉన్న వైరు మాత్రం కాల్చొద్దు.

టార్పాలిన్‌కు పంచె గుడ్డ వాడకండి. ఆ పోగు ఈ స్కేల్‌లో మోకులా కనిపిస్తుంది. టిష్యూ పేపర్‌ను నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచి చుట్టండి. ఆరాక రంగేయండి.

ఇది నడిచే బండి అని మర్చిపోవద్దు. టరెట్ తిరిగే దారిలో, గొట్టం పైకి కిందికి ఆడే చోట, బ్యాటరీ మూత మీద ఏదీ అతికించకండి. ప్రతి సామాను పెట్టాక టరెట్‌ను చేత్తో నిదానంగా ఒక చుట్టు తిప్పి చూడండి.

నడపడం కూడా రూపులో భాగమే. టి-72 రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు పోతుంది. 16తో భాగిస్తే 3.75. అంటే మన నడక కంటే తక్కువ. 41 టన్నుల బండి ఎలుకలా పరిగెడితే ఎంత బాగా రంగేసినా బొమ్మే. రిమోట్‌లో వేగం తగ్గించి, మెల్లగా కదిలించి, మెల్లగా ఆపండి.

మనుషులు యాడుండారు?

నాలుగో ప్రశ్న. ఇదే కష్టమైనది. టి-72లో ముగ్గురే ఉంటారు: డ్రైవరు, గన్నరు, కమాండరు. గుండు ఎక్కించే పని యంత్రానిది. ఆ ముగ్గురికీ అదే ఇల్లు. "మరి మీ సామాన్లు ఎక్కడ పెట్టేవాళ్ళు?" అని అడిగాను. మామ కుర్చీలోంచి లేచి వచ్చాడు. నీళ్ల క్యాన్ ఎక్కడ కట్టేవాళ్ళో వేలు పెట్టి చూపించాడు. పరుపుల చుట్ట ఎక్కడ, టీ గిన్నె ఎక్కడ. గిన్నె అడుగు నల్లగా ఉండాలన్నాడు. ఆ రోజు రెండు గంటలు మాట్లాడాడు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కూడా వినని సంగతులవి.

20 లీటర్ల క్యాన్ ఈ స్కేల్‌లో సుమారు 3 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ షీటుతో ఒకటి చేశాను. మామ చెప్పిన చోటే కట్టాను. బండి మీద నేను పెట్టిన వాటిలో అదే చిన్నది. కానీ రెండోసారి తీసుకెళ్ళినప్పుడు ఆయన ముందు చూసింది దాన్నే. ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు చాలా నిదానంగా నడిపాడు. గడప దగ్గర ఆపి, "ఇప్పుడు మా బండి మాదిరి ఉండాది" అన్నాడు.

ఈ ట్యాంకులు మనకు దూరమేం కాదు. తిరుపతి నుంచి చెన్నై రైలెక్కితే అరక్కోణం, తిరువళ్ళూరు దాటాక ఆవడి వస్తుంది. 1961లో పెట్టిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ అక్కడే. 1965లో విజయంత అక్కడి నుంచే బయటికి వచ్చింది. ఆ తర్వాత అజేయ పేరుతో టి-72లు కూడా అక్కడే తయారయ్యాయి. 1965 యుద్ధంలో సియాల్‌కోట్ సెక్టార్‌లో సెంచూరియన్లతో పోరాడిన 16వ క్యావల్రీలో మన దక్షిణాది వాళ్ళే ఎక్కువ. కాబట్టి మీ ఊళ్ళో కూడా ఒక ట్యాంకు డ్రైవరో గన్నరో ఉండొచ్చు. రంగు డబ్బా తెరిచేముందు ఆయన దగ్గర కూర్చోండి. "ఎక్కడ కాలు పెట్టి ఎక్కేవాళ్ళు?" అని ఒక్క మాట అడగండి. మిగతాది ఆయనే చెప్తాడు.

వచ్చే ఎపిసోడ్‌లో చైను పిన్నులు మార్చడం, సస్పెన్షన్‌కు బరువు సర్దడం చూద్దాం. మీ బండి ఫోటోలు పంపండి, తప్పులున్నవి కూడా పంపండి. సెలవు.